రిపోర్టు సాక్షి కాదు, రోగం రహస్యం కాదు

అల్లాహ్ మనిషికి అప్పగించిన అమానతులలో రెండింటిని మనుషులు ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తుంటారు. ఒకటి దేహం, రెండోది నాలుక. దేహానికి జబ్బు చేసినప్పుడు నోరు విప్పాల్సిన చోట మౌనం వహిస్తారు. నోరు మూసుకోవాల్సిన చోట నాలుకకు కళ్లెం వదిలేస్తారు. ఈ రెండు తప్పులూ ఒకేచోట కలిసి ఒక కుటుంబాన్ని కూల్చివేసే సందర్భం ఒకటుంది. స్త్రీకి లైంగిక సంబంధమైన వ్యాధి ఉందని, అందులోనూ ఒకటి కాదు రెండు వ్యాధులు కలిసి ఉన్నాయని డాక్టరు చెప్పే సందర్భం అది.

ఆ కాగితం ఇంటికి రాగానే అత్తగారు ఒక అర్థం తీస్తుంది, ఆడబిడ్డ మరో అర్థం తీస్తుంది. “ఒక జబ్బయితే ఏదోలే అనుకోవచ్చు. రెండు జబ్బులంటే నడత మాటేమిటి?” అంటారు. భర్త తలాఖ్ గురించి ఆలోచిస్తాడు. తనను కూడా పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పిన మాట మాత్రం అతని చెవికెక్కదు. ఇలాంటి విషయాలు ధార్మిక పత్రికలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఒక ముస్లిం స్త్రీ శీలం మీద నింద పడుతున్నప్పుడు, ఒక ప్రాణానికి హాని జరుగుతున్నప్పుడు అది ధర్మానికి సంబంధించిన విషయం కాకుండా ఎలా పోతుంది? అందుకే ఈ ప్రశ్నను మేము ఇక్కడ చర్చకు తీసుకుంటున్నాము. ఇటువంటి వ్యాధి బయటపడినప్పుడు విశ్వాసి దేన్ని కప్పి ఉంచాలి? దేన్ని చెప్పి తీరాలి?

ఒకే దేహంలో రెండు వ్యాధులు

ముందు వైద్యశాస్త్రం చెబుతున్నదేమిటో తెలుసుకుందాం. తెలియని విషయంలో తీర్పు చెప్పడం విశ్వాసికి తగదు.

జనం సుఖవ్యాధులని పిలిచే ఈ రోగాలు అరుదైనవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో, మందులతో నయమయ్యే నాలుగు లైంగిక వ్యాధులు కొత్తగా సోకిన సందర్భాలు 37 కోట్ల 40 లక్షలు. వాటిలో ట్రైకోమోనియాసిస్ 15 కోట్ల 60 లక్షలు, క్లమీడియా 12 కోట్ల 90 లక్షలు, గనేరియా 8 కోట్ల 20 లక్షలు, సిఫిలిస్ 71 లక్షలు. ఇంకో సంగతి కూడా ఆ సంస్థ చెబుతోంది. ఈ వ్యాధులు సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు.

స్త్రీల విషయంలో ఇది మరింత నిజం. క్లమీడియా సోకిన స్త్రీలలో అత్యధికులకు నొప్పి ఉండదు, మంట ఉండదు. ఆమె వంట చేసుకుంటూ, నమాజు చేసుకుంటూ, పిల్లల్ని సాకుతూ ఉంటుంది. ఆ సూక్ష్మక్రిమి మాత్రం లోపల గర్భాశయం దాటి అండవాహికల దాకా పాకుతుంది. ఏళ్లు గడిచాక పొత్తికడుపు నొప్పి రూపంలోనో, సంతానం కలగకపోవడం రూపంలోనో, గర్భాశయం బయట గర్భం నిలిచి ప్రాణం మీదికి రావడం రూపంలోనో బయటపడుతుంది. అప్పుడు కూడా “గొడ్రాలు” అనే మాట ఆమెకే దక్కుతుంది.

ఇక రెండు వ్యాధులు కలిసి ఉండటం సంగతి. ఇది వింత కాదు, వైద్యులు ముందే ఊహించే విషయం. గనేరియా ఉన్నవారిలో చాలామందికి క్లమీడియా కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకే మార్గంలో, ఒకే మనిషి నుంచి, ఒకేసారి సోకగలవు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ప్రభుత్వ ఆసుపత్రులకు ఇచ్చిన మందుల ప్యాకెట్లలో బూడిదరంగు ప్యాకెట్టు ఒకటుంది. దానిలో రెండు మందులు కలిపి పెట్టారు. ఒకటి గనేరియాకు, మరొకటి క్లమీడియాకు. మందులు కాలాన్నిబట్టి మారుతుంటాయి. కాని ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన గమనించదగ్గది. రెండు రోగాలు జంటగా రావడం ఎంత మామూలు విషయమో, ఒకే ప్యాకెట్లో రెండు మందులు పెట్టడాన్నిబట్టే తెలుస్తోంది.

ఒక వ్యాధి ఇంకో వ్యాధికి తలుపు తీయడం కూడా ఉంది. హెర్పిస్, సిఫిలిస్ వల్ల పడే పుండ్ల ద్వారా హెచ్.ఐ.వి. సులువుగా లోపలికి ప్రవేశిస్తుంది. హెచ్.ఐ.వి. రోగనిరోధక శక్తిని తగ్గిస్తే, అంతవరకు దేహం అణచిపెట్టి ఉంచిన మరో వైరస్ తల ఎత్తుతుంది. హెచ్.పి.వి. అనే వైరస్ సంగతి చూడండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతి సందర్భంలోనూ మూలం అదే. మామూలుగా చాలామంది దేహాలు ఆ వైరస్‌ను ఒకటి రెండేళ్లలో వాటంతటవే వదిలించుకుంటాయి. వదలనివారిలో అది క్యాన్సర్‌గా మారడానికి 15, 20 ఏళ్లు పట్టవచ్చు. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీకి ఈ క్యాన్సర్ వచ్చే ప్రమాదం లేనివారికంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి రెండు వ్యాధులు అంటే రెండు పాపాలు కావు. చాలాసార్లు అవి ఒకదాని చెయ్యి పట్టుకుని ఒకటి వచ్చినవే.

రిపోర్టు చెప్పని విషయాలు

రక్తపరీక్ష కాగితం ఒకే ఒక్క సంగతి చెబుతుంది. ఈ దేహంలో ఈ వ్యాధికి సంబంధించిన గుర్తులు కనిపించాయని చెబుతుంది. ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి సోకింది, ఎవరి తప్పు అన్న ప్రశ్నలకు దాని దగ్గర సమాధానం లేదు.

ఎందుకంటే క్లమీడియా చికిత్స లేకుండా నెలల తరబడి, కొందరిలో ఏడాదికి పైగా ఉండిపోగలదు. హెర్పిస్ ఒకసారి సోకితే దేహంలో దాగి ఉండి, ఏళ్ల తర్వాత మొదటిసారిగా పుండు రూపంలో కనిపించవచ్చు. భర్త చనిపోయి మరో నికాహ్ చేసుకున్న స్త్రీ ఉందనుకోండి. మొదటి భర్త నుంచి సంక్రమించిన వ్యాధి రెండో భర్త ఇంట్లో బయటపడితే ఆమె చేసిన నేరమేమిటి? హెచ్.ఐ.వి., సిఫిలిస్ తల్లి నుంచి కడుపులోని బిడ్డకు కూడా సోకుతాయి. హెచ్.ఐ.వి. కలుషితమైన రక్తం వల్ల, సూదుల వల్ల కూడా వస్తుంది. పైగా సిఫిలిస్ కోసం మొదట చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష కొన్నిసార్లు వ్యాధి లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. గర్భం వల్ల, మలేరియా వంటి ఇతర జబ్బుల వల్ల కూడా అలా జరుగుతుంది. అందుకే వైద్యులు మరో పరీక్షతో నిర్ధారించుకుంటారు. తెల్లబట్ట అయినంత మాత్రాన అది లైంగిక వ్యాధి అనుకోవడం కూడా తప్పే. దానికి మరెన్నో మామూలు కారణాలుంటాయి.

మన ఇళ్లలో మరో అన్యాయం కూడా చడీచప్పుడు లేకుండా జరిగిపోతోంది. గర్భవతికి ఆసుపత్రిలో హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. తల్లికి, బిడ్డకు అది మేలే. కాని దానివల్ల దంపతుల్లో ముందుగా పరీక్ష జరిగేది భార్యకే. భర్తకు ఏ పరీక్షా జరగదు. ముందు ఎవరి పేరు బయటపడితే వారే మొదటి దోషి అయిపోతారు. వ్యాధిని ఇంటికి తెచ్చింది ఎవరన్నది కాక, ముందు సూది ఎవరికి గుచ్చారన్నదే తీర్పుకు ఆధారమైపోతోంది.

ఒంటెల రంగు గురించిన ప్రశ్న

దేహం మీద కనిపించే గుర్తునుబట్టి భార్యను అనుమానించిన ఒక మనిషి ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖనం అది. ఫజారా తెగకు చెందిన ఒక పల్లెవాసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చాడు. తన భార్య నల్లని బిడ్డను కన్నదని చెప్పాడు. ఆ మాటలో ఏ అనుమానం దాగి ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఆయన (స) అతన్ని కోప్పడలేదు. అతని భార్యను పిలిపించి నిలదీయనూ లేదు. నీ దగ్గర ఒంటెలున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. వాటి రంగేమిటని అడిగారు. ఎరుపన్నాడు. వాటిలో బూడిదరంగువి కూడా ఉన్నాయా అంటే, ఉన్నాయన్నాడు. మరి ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఏదో పూర్వపు పోలిక అయి ఉంటుందని అతనే ఒప్పుకున్నాడు. నీ బిడ్డ విషయమూ అంతే కావచ్చు కదా అని దైవప్రవక్త (స) అతనికి బోధపరిచారు.

ఆలోచించండి. ఆ పల్లెవాసి చేతిలో ఉన్నది ఆనాటి రిపోర్టు! కంటికి కనిపించే గుర్తు! అయినా ఆ గుర్తుకు మరో వివరణ ఉండే అవకాశం ఉన్నంతవరకు భార్య శీలాన్ని శంకించే హక్కు అతనికి లేదని ఆ మహనీయులు (స) నేర్పించారు. నేటి ల్యాబు కాగితానికి ఒకటి కాదు, పది వివరణలు ఉండగలవని పైన చూశాం.

దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఈ విషయంలో ఎంత కఠినంగా ఉందో మనకు తెలిసిందే. శీలవతి అయిన స్త్రీ మీద నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి 80 కొరడా దెబ్బలు శిక్ష. ఆ తర్వాత అతని సాక్ష్యానికి విలువ ఉండదు. భర్తకు స్వయంగా తెలిసిన విషయమైతే, వేరే సాక్షులు లేకుంటే, ప్రమాణాలతో కూడిన లిఆన్ పద్ధతి వేరుగా ఉంది. అందులోనూ భార్య తన ప్రమాణంతో ఆ నిందను తోసిపుచ్చగలదు. ఈ రెంటిలో ఎక్కడా రోగానికి సాక్షి స్థానం ఇవ్వలేదు. అదే సూరాలో హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు లేవదీసిన అపనింద ప్రస్తావన కూడా ఉంది. దాదాపు ఒక నెలపాటు మదీనాలో ఆ పుకారు నడిచింది. చివరికి అల్లాహ్ స్వయంగా ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించాడు. విన్న వెంటనే సాటివారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని విశ్వాసులను మందలించాడు కూడా. అంతటి పుణ్యస్త్రీనే వదలని నాలుకలు మన ఇంటి కోడలిని వదులుతాయా? కనుకనే అలాంటి మాటలకు మన ఇంటి గుమ్మం దగ్గరే అడ్డుకట్ట పడాలి.

ఇలాగైతే తప్పు చేసినవారు తప్పించుకోరా అని ఎవరైనా అడగవచ్చు. మనుషుల కళ్లకు తప్పించుకోవచ్చు గాక, అల్లాహ్ దృష్టి నుంచి తప్పించుకునేవారెవరూ లేరు. ఒక నిర్దోషిని నిందించినవాడు మాత్రం అపరాధిగా అల్లాహ్ ముందు నిలబడాల్సి వస్తుంది. ఈ రెండు ప్రమాదాల్లో విశ్వాసి దేనికి భయపడాలి?

పాపం వేరు, అపాయం వేరు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నింద మోపకూడదు సరే, మరి వ్యాధి ఉన్నవారు దాన్ని దాచిపెట్టవచ్చా?

పాపాలను కప్పి ఉంచమని ఇస్లాం బోధిస్తుంది. మాయిజ్ (రజి) తన తప్పును ఒప్పుకుంటూ వచ్చినప్పుడు దైవప్రవక్త (స) పదేపదే ముఖం తిప్పుకున్న సంగతి మనకు తెలుసు. అతన్ని పంపిన హజ్జాల్‌తో, నీ బట్టతో అతన్ని కప్పి ఉంటే నీకు మేలుగా ఉండేదన్న భావం పలికారని అబూదావూద్‌లో ఉంది. జరిగిపోయిన పాపానికి ద్వారం తౌబా. ఆ విషయం దాసునికి, అతని ప్రభువుకు మధ్య ఉండాల్సింది.

కాని సోకే వ్యాధి జరిగిపోయిన పాపం లాంటిది కాదు. అది ఈ రాత్రి కూడా పని చేస్తూనే ఉంటుంది. ఇక్కడ మౌనంగా ఉంటే పాత తప్పు కప్పబడదు, కొత్త అన్యాయం మొదలవుతుంది. ఇతరులకు హాని కలిగించకూడదన్నది షరీఅత్ మూలసూత్రాల్లో ఒకటి. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. తడి గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు మనవాడు కాదని హెచ్చరించారు. ధాన్యం తడిసిందని అతన్ని తప్పుపట్టలేదు, తడిని కింద దాచినందుకు తప్పుపట్టారు. గింజల విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, జీవితాంతం తోడుగా ఉంటానని నికాహ్ చేసుకున్న మనిషి దేహం విషయంలో ఎంత ఉండాలి!

ఇక్కడ ఒక చిక్కు ఉందన్నది నిజమే. భర్త తన వ్యాధి గురించి చెబితే భార్యకు అతని తప్పు కూడా తెలిసిపోవచ్చు. కప్పి ఉంచమన్న ఆజ్ఞ, హాని చేయవద్దన్న ఆజ్ఞ ఎదురెదురుగా నిలబడినట్టు అనిపిస్తుంది. మాకు అర్థమైనంతవరకు దీనికి మార్గం ఇది. ఎక్కడికి వెళ్లాడో, ఎవరితో తిరిగాడో వర్ణించాల్సిన అవసరం అతనికి లేదు. భార్య కూడా దాని కోసం తవ్వకూడదు. కాని వ్యాధి ఉందన్న సంగతి, పరీక్ష చేయించుకోవాలన్న సంగతి, నయమయ్యేదాకా దూరంగా ఉండాలన్న సంగతి ఆమెకు చెప్పి తీరాలి. అది ఆమె హక్కు. అల్లాహ్ హక్కుల విషయంలో తౌబా చాలు. దాసుల హక్కుల విషయంలో మాత్రం హక్కుదారుకు న్యాయం జరిగేదాకా లెక్క తేలదు. తన పరువు నిలవడం కోసం భార్య గర్భసంచిని, పుట్టబోయే బిడ్డ కళ్లను పణంగా పెట్టేవాడు కప్పుకుంటున్నది పాపాన్ని కాదు, దౌర్జన్యాన్ని. గనేరియా ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు చూపు పోయే ప్రమాదం ఉంటుందని మరచిపోవద్దు.

భార్యకు వ్యాధి ఉన్నట్టు ముందుగా తెలిసిన సందర్భంలోనూ చెప్పే బాధ్యత ఉంది. కాని చెప్పిన రాత్రే ఆమెను కొట్టి గెంటివేసే ఇల్లయితే, ముందు డాక్టరు ద్వారానో, కౌన్సెలరు ద్వారానో, న్యాయంగా మాట్లాడే పెద్దల ద్వారానో విషయం తెలియజేయడం వివేకం. మన దేశ చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి సంగతి బయటపెట్టకూడదు. అయితే జీవిత భాగస్వామికి తీవ్రమైన ప్రమాదం ఉండి, రోగికి నచ్చజెప్పినా చెప్పకపోతే, ముందుగా రోగికి తెలిపి డాక్టరుగాని, కౌన్సెలరుగాని ఆ భాగస్వామికి చెప్పవచ్చు. చెప్పడం వల్ల స్త్రీ మీద హింస జరిగే ప్రమాదం ఉంటే ఆమెకు చట్టం రక్షణ కల్పించింది.

నికాహ్‌కు ముందు

సంబంధం చూసేటప్పుడు మహర్ గురించి, జోడే కీ రఖమ్ గురించి గంటల తరబడి మాట్లాడతారు. ఆరోగ్యం గురించి ఒక్క మాట అడగరు. 1998లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకతనికి హెచ్.ఐ.వి. ఉందని ఆసుపత్రి వెల్లడించడంతో అతని పెళ్లి ఆగిపోయింది. రహస్యం బయటపెట్టారని అతను కోర్టుకెక్కాడు. పెళ్లికూతురి ఆరోగ్యాన్ని, ప్రాణాన్ని కాపాడే విషయంలో అతని రహస్యపు హక్కు నిలవదని కోర్టు తేల్చింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో కూడా, భర్తకు తీవ్రమైన సుఖవ్యాధి ఉంటే భార్య నికాహ్ రద్దు కోరవచ్చని ఉంది. చట్టం దాకా ఎందుకు వెళ్లాలి? అల్లాహ్‌కు భయపడే తండ్రి తన కొడుకు సంగతి తెలిసి కూడా పరాయి ఇంటి అమ్మాయిని ఆ ఇంటికి తెస్తాడా? నికాహ్‌కు ముందు ఇరువైపులవారూ పరీక్ష చేయించుకోవడం అనుమానానికి గుర్తు కాదు. రెండు వైపులా ఒకేలా జరిగితే అది ఎవరికీ అవమానమూ కాదు.

మన కర్తవ్యం

ఇలాంటి పరిస్థితి ఎదురైతే ఏం చేయాలో క్లుప్తంగా చెబుతాము.

దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి, ఇద్దరూ చికిత్స తీసుకోవాలి. భార్య ఒక్కతే మందు వాడితే భర్త నుంచి అదే వ్యాధి మళ్లీ వస్తుంది. అప్పుడు మందు పనిచేయలేదంటారు, లేదా ఆమె మళ్లీ తప్పు చేసిందంటారు. ఒక వ్యాధి బయటపడితే మిగతావాటికి కూడా పరీక్ష చేయమని డాక్టరును అడగాలి. ఒకదానికి మందు వాడి రెండోదాన్ని వదిలేస్తే సగం చికిత్సే అవుతుంది. మందుల షాపులో చెప్పి తెచ్చుకున్న రెండు మాత్రలతో సరిపెట్టుకోకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులు దూరంగా ఉండాలి, చెప్పినప్పుడు మళ్లీ పరీక్షకు వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీటికి వేరుగా క్లినిక్కులు, కౌన్సెలర్లు ఉన్నారు. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ నాలుగూ మందులతో నయమవుతాయి. హెచ్.ఐ.వి. పూర్తిగా పోకపోయినా, క్రమంగా మందులు వాడేవారు చాలాకాలం ఆరోగ్యంగా జీవిస్తున్నారు. వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పుట్టించాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు.

ఆడవారు సిగ్గుపడి ఈ మాటలు చెప్పరు. హయా విశ్వాసంలో భాగమే. కాని అన్సార్ స్త్రీలకు ధర్మజ్ఞానం నేర్చుకోవడంలో సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకున్నారు. ధర్మం అడగడానికి అడ్డురాని సిగ్గు ప్రాణం కాపాడుకోవడానికి ఎందుకు అడ్డు రావాలి? తల్లులు కూతుళ్లతో, అత్తలు కోడళ్లతో ఈ విషయం మర్యాదగా మాట్లాడవచ్చు. కోడలి చేతిలో రిపోర్టు చూసిన అత్తగారు మొదట అడగాల్సింది “ఇది ఎక్కడి నుంచి వచ్చింది?” అని కాదు. “నొప్పిగా ఉందా బేటీ? డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?” అని. ఆ తర్వాత కొడుకును పిలిచి, “నువ్వు కూడా పద” అనాలి.

సోదరులారా, సోదరీమణులారా! వ్యాధిగ్రస్తుల్లో ఎవరు పాపులో, ఎవరు పీడితులో విడదీసే పని అల్లాహ్ మనకు అప్పగించలేదు. హాని జరగకుండా చూడటం, పరువును కాపాడటం మాత్రం మనకు అప్పగించాడు. రోగం దగ్గర నోరు విప్పుదాం. నింద దగ్గర నోరు మూసుకుందాం. అల్లాహ్ మన ఇళ్లను అపనిందల నుంచి, మన దేహాలను వ్యాధుల నుంచి కాపాడుగాక! రోగంతో బాధపడుతున్న అక్కచెల్లెళ్లకు స్వస్థతను, వారి కుటుంబాలకు న్యాయబుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.